రేపు మాస్టారి గుడ్‌విల్

ఆ కుట్టుపని మాస్టారికి తల్లి పెట్టిన పేరొకటి ఉండేదట గానీ, దాన్ని వాడినవాళ్ళు లేరు. వీధంతా ఆయన్ని రేపు మాస్టారనే అనేది. బట్ట ఎప్పుడిచ్చినా, ఎంత తొందరని మొత్తుకున్నా, జవాబొక్కటే: "రేపు రండి." ఆ రేపు వచ్చేసరికి చొక్కా అంతా అయిపోయి ఉండేది, గుండీలు తప్ప. "గుండీలే మిగిలాయి, అలా కూర్చోండి" అని గోడవారనున్న చెక్కబల్ల చూపించేవారు. ఆ బల్లమీద కూర్చుని ఆయన్ని తిట్టని పెద్దమనిషి ఆ వీధిలో లేడు.

కళ్ళు మసకబారి, సూది బెజ్జం వదిలేసి గాలిలోకి దారం ఎక్కిస్తున్న రోజుల్లో కొట్టు అమ్మేద్దామనుకున్నారు. ఇంట్లో వంటగది కప్పు కారుతోంది. వానొస్తే ఆయన భార్య పొయ్యిమీదకన్నా నేలమీదే ఎక్కువ గిన్నెలు పెట్టేది. కొట్టు డబ్బుతో ముందు ఆ కప్పు వేయించాలన్నది ఆవిడ ఉత్తర్వు.

కొనడానికి మేనల్లుడే ముందుకొచ్చాడు. పెద్ద బట్టల కంపెనీలో పనిచేసినవాడు, పైగా సాయంత్రాలు వ్యాపార పాఠాలు చదివినవాడు. మిషనుకీ కత్తెరలకీ ధర కట్టి, "ఇక గుడ్‌విల్ ఉంది మావయ్యా" అన్నాడు.

"అదెక్కడుందిరా? నేనెప్పుడూ చూళ్ళేదే!" అంటూ మాస్టారు వంగి మిషను కింద వెతికారు.

"చేత్తో పట్టుకునేది కాదు. సామానంతా తీసేసినా కొట్టుకి ఇంకా కాస్త విలువ మిగులుతుంది. పక్కవీధిలో ఇంకో కొట్టున్నా జనం ఇక్కడికే వస్తారు చూడు, ఆ అలవాటు ఖరీదు."

"నన్ను తిట్టడానికొస్తార్రా వాళ్ళు!"

"ఎందుకొస్తేనేం, వస్తున్నారుగా."

అప్పుడే అన్నం క్యారేజీతో వచ్చిన భార్య గుమ్మంలో ఆగిపోయింది. "ఆయన్ని తిట్టిన తిట్లకి ధర కడుతున్నావా నాయనా? అయితే ఇంట్లో తిట్టినవి కూడా కలుపు. నా వాటాయే పెద్దది."

మేనల్లుడు నవ్వాడు గానీ, లెక్కల మనిషి కదా, ఓ మెలిక పెట్టాడు. గుడ్‌విల్ సొమ్ములో సగం ఇప్పుడు, సగం మూడు నెలలాగి, అదీ పాత గిరాకీ నిలబడితేనే. చేతికొచ్చిన డబ్బంతా వేస్తే పాత కప్పు విప్పించి, గోడలు బాగుచేయించడానికి సరిపోయింది. కొత్తది వేయడానికి రెండో సగం రావాలి. అందాకా వంటగదికి ఆకాశమే కప్పు.

కొత్త యజమాని రంగులు వేయించాడు, అద్దాల తలుపు పెట్టించాడు. కొట్టు పరువు తీస్తోందని బల్లని వెనకగదిలోకి నెట్టించాడు. 'చెప్పిన రోజుకే ఇస్తాం' అని బోర్డు రాయించాడు. పాపం, రాసినట్టే చేశాడు కూడా. చొక్కా చెప్పిన రోజుకి, గుండీలతో సహా, సంచీలో సిద్ధంగా ఉండేది. జనం వచ్చారు, తీసుకున్నారు, మెచ్చుకున్నారు, వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

ఎదురు టీకొట్టు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్న మాస్టారి చేతిలో టీ చల్లారిపోయేది. ఓ రోజు పాత గిరాకీ, రిటైరైన గుమాస్తా, అటుగా వెళుతుంటే పట్టుకున్నారు. "ఏమయ్యా, కొట్టుకి రావట్లేదేం?"

"ఏముంది మాస్టారూ అక్కడ? వెళ్ళగానే సంచీ చేతిలో పెట్టి దణ్ణం పెట్టేస్తాడు. మనిషన్నాక ఓ మాటా మంతీ ఉండొద్దూ? మీ బల్లమీద కూర్చుని మిమ్మల్ని తిడుతుంటే జిప్పు పాడైందని గుర్తొచ్చేది, మావాడి కాలరు చిరిగిందని గుర్తొచ్చేది. ఇప్పుడేమీ గుర్తురావట్లేదు. ప్యాంటు పిన్నీసుమీద నెట్టుకొస్తున్నా."

మాస్టారు వంగి ఆ పిన్నీసు వంక చూశారు. తన వంటగది కప్పు కూడా ఆ పిన్నీసుకే వేలాడుతోందన్నమాట.

మూడు నెలలు నిండాక మేనల్లుడు మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. "గిరాకీ సగానికి పడిపోయింది మావయ్యా. అనుకున్న మాట ప్రకారం..."

మావయ్య నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది. "పాడి గేదెని కొనుక్కెళ్ళి, గడ్డి వేస్తే ఇల్లు పాడవుతుందని వేయకుండా, పాలివ్వలేదని మామీదికొస్తావా? బల్లెక్కడ పెట్టావు?"

"వెనకగదిలో..."

"ముందుకి లాగు. పక్కనే మీ మావయ్యని కూర్చోబెట్టు. ఇంట్లో నాకు కాళ్ళకడ్డం."

"కళ్ళు కనబడవు కదే, నేనేం చెయ్యను అక్కడ?" అన్నారు మాస్టారు దీనంగా.

"తిట్టించుకోడానికి కళ్ళెందుకండీ?"

మర్నాడే బల్ల ముందుకొచ్చింది. మాస్టారికి ఉద్యోగమూ వచ్చింది. పొద్దున్నే కూర్చుని, మేనల్లుడు కుట్టి ఉంచిన ప్రతి చొక్కాకీ వేళ్ళతో తడుముకుంటూ ఒక్కో గుండీ ఊడబీకడం. "ఒక్క గుండీయే మిగిలింది, అలా కూర్చోండి" అనేవారు వచ్చినవాళ్ళతో. గుమాస్తా అందరికన్నా ముందొచ్చి కడుపారా తిట్టి, జిప్పు పని ఇచ్చి వెళ్ళాడు. వెనకే వీధీ వచ్చింది.

గిరాకీ నిలబడింది కాబట్టి రెండో సగం కోసం అత్తయ్య వెళ్ళింది. మేనల్లుడికి కొట్టు గాలి అప్పటికే బాగా పట్టింది.

"రేపిస్తా అత్తయ్యా."

ఆవిడ మాట్లాడకుండా బల్లమీద చతికిలబడింది. ఆ తర్వాత మాట్లాడింది. మేనల్లుడి చదువుతో మొదలెట్టి, అద్దాల తలుపు మీదుగా, మొగుడి బద్ధకం దాకా ఎవర్నీ వదల్లేదు. బల్లమీదున్న మిగతావాళ్ళు తమ తిట్లు ఆపి మరీ విన్నారు. సాయంత్రానికల్లా డబ్బు ఆవిడ చేతిలో పడింది.

కొంగున ముడేసుకుని గుమ్మం దాకా వెళ్ళినావిడ టక్కున ఆగింది.

"అన్నట్టు, దిండు గలీబులు చిరిగాయిరా. రేపు పంపిస్తా."