పాలు ఆగిన పూట మౌనవ్రతం

ఆ రోజుల్లో మాకు ఆరోగ్యమంటే జ్వరం లేకపోవడమే. పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం క్యాంటీన్ బిర్యానీ, సాయంత్రం నడుము పట్టేస్తే పక్కవాడి కుర్చీ లాక్కుని కూర్చోవడం, ఇంతే మా వైద్యం. మనసనేది ఒకటుందని సెలవు దొరకనప్పుడూ, ఆత్మ అనేది ఒకటుందని దయ్యాల సినిమా చూసినప్పుడూ తప్ప జ్ఞాపకం వచ్చేది కాదు. హైటెక్ సిటీలో కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాణ్ణి, కాకినాడ నుంచి వచ్చినవాణ్ణి, ఏం పెట్టినా అరిగే వయసు. అలాంటి నన్ను బాగుచేయాలని మా మేనేజరుగారికి ఎందుకు అనిపించిందో ఆ దేవుడికే తెలియాలి.

ఆయనది గుంటూరు వైపు. మంచి మనిషి, కాకపోతే ఏది పట్టుకున్నా ఉడుంపట్టు. ఎక్కడో కొండల్లో మౌన శిబిరానికి వెళ్ళి, తిరిగొచ్చిన రోజే బోర్డు మీద మూడుకాళ్ళ పీట బొమ్మ వేశారు. "చూడండయ్యా, ఇది శరీరం, ఇది మనసు, ఇది ఆత్మ. ఒక్క కాలు పొట్టిదైనా పీట మీద కూర్చున్నవాడు కింద పడతాడు" అన్నారు. ఆ రోజు నుంచి చాటుగా మేమంతా ఆయన్ని పీటగారనే పిలుచుకునేవాళ్ళం. (ఎదురుగా మాత్రం సార్, సార్ అని వంగిపోయేవాళ్ళం, ఉద్యోగం కదా.) వచ్చే శనివారం తెల్లవారగానే బృందమంతా ఖాజాగూడ బండలెక్కాలన్నారు. ఎక్కితే శరీరానికి మంచిది, పైన మౌనంగా కూర్చుంటే మనసుకు మంచిది, ఆ తర్వాత ఆత్మ సంగతి అదే చూసుకుంటుందట.

అంతటితో ఆగితే బాగుండేది. "మౌనమంటే నోటికి తాళం వేసి వేళ్ళతో వాగడం కాదు. రాయకూడదు, ఫోన్లో కొట్టకూడదు. ముందు నోరు తెరిచినవాళ్ళకి ఆపై వారం శని ఆదివారాల్లో సపోర్టు డ్యూటీ. సెలవు పెట్టుకున్నా సరే, నియమం నియమమే" అని తేల్చేశారు. సపోర్టు డ్యూటీ అంటే మరేం లేదు, క్లయింటు వ్యవస్థ ఎప్పుడు మొరాయించినా పరుగెత్తి సరిచేయడానికి బృందం ఫోను జేబులో పెట్టుకుని కాపలా కాయడం. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆపై ఆదివారమే మా అక్క సీమంతం, ఊరెళ్ళాలని ఆయనకు ముందే చెప్పుకుని ఉన్నాను కూడా.

మామూలు సీమంతమైతే ఇంత బెంగ ఉండేది కాదు. అక్క పెళ్ళికి నేను వెళ్ళలేదు. ప్రాజెక్టు విడుదల అని ఆపేస్తే, తాళి కట్టడం ఫోన్లో చూశాను, అదీ సగంలో బొమ్మ నిలిచిపోయింది. ఈసారి అక్క ముందే ఫోన్ చేసింది. "ఒరేయ్, గాజులు నువ్వు తేవాలి. నువ్వు రాకపోతే నేను పీట మీద కూర్చోను. మళ్ళీ ఫోన్లో మొహం పెట్టావో, అందులోంచే చెవి మెలిపెడతాను" అంది. నవ్వుతూనే అంది గానీ చివర్లో గొంతు జీరబోయింది. ఆ జీర నన్ను చాలా బాధపెట్టింది. లాడ్ బజారుకు వెళ్ళి గాజులు కొని, ఊరెళ్ళే సంచిలో వారం ముందే సర్దేసుకున్నాను.

శనివారం బండలెక్కాం. ఆ వారం డ్యూటీ నాదే కాబట్టి సపోర్టు ఫోను నా జేబులో, ల్యాప్‌టాపు నా వీపున ఉన్నాయి. "పొద్దున్నే ఏం రాదులేవయ్యా" అని పీటగారు భరోసా ఇచ్చారు. మాకు దారి చూపించింది బండన్న. మా బృందంలో సీనియరు, పుట్టి పెరిగింది ఖాజాగూడలోనే, ఆ బండలన్నీ ఆయనకు చిన్ననాటి నేస్తాలు, అందుకే ఆ పేరు. "జర పైలం తమ్మీ, గీడ జారుతది" అని ఆయన అంటుండగానే జారి మోకాలు గీరుకున్నాను. శరీరానికి జరగాల్సిన మంచి ఆ విధంగా ముందే జరిగిపోయింది.

పైకెక్కాక గాలి చల్లగా, హాయిగా ఉంది. దూరంగా కోకాపేట వైపు క్రేన్లు కనిపిస్తున్నాయి. పీటగారు పద్మాసనం వేసి, వేలు పెదవుల మీద పెట్టి, కళ్ళు మూశారు. మౌనం మొదలైంది. కాసేపటికి ఆయన తల మెల్లగా ముందుకు వాలింది. వాలి, స్పష్టంగా, మీటింగులో అన్నట్టే, "తర్వాతి స్లైడు పెట్టండి" అన్నారు. అని, చిన్న గురక తీశారు. మేమంతా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నవ్వు తన్నుకొస్తోంది, నవ్వితే మౌనం పోతుంది. బండన్న కండువా నోట్లో కుక్కుకుని, అటు తిరిగి భుజాలు ఎగరేస్తున్నాడు. అంత కష్టమైన ధ్యానం నేను మళ్ళీ ఎన్నడూ చేయలేదు.

సరిగ్గా అప్పుడే నా తొడ దగ్గర ఫోను వణికింది. మా క్లయింటు ఇంటింటికీ పాలూ కూరగాయలూ పంపే కంపెనీ. ఫోనెత్తి చెవిన పెట్టుకున్నాను. అవతల వాళ్ళ ఆఫీసు అమ్మాయి. "హలో సార్, పాల ఆర్డర్లు ఆగిపోయినయ్ సార్. బండ్లన్నీ ఖాళీగ నిలబడ్డయ్. మీకు గక్కడ కనబడుతుందా?" అంది. నేను తల ఊపాను. (ఫోన్లో.) "హలో? ఉన్నరా సార్? ఏంది, గట్ల ఊపిరి తీస్తున్నరు? పానం బాగలేదా?" అని పాపం ఆమె నా ఆరోగ్యం గురించి కూడా వాకబు చేసింది. నేను ఇంకా గట్టిగా తల ఊపాను.

గబగబా ల్యాప్‌టాపు తెరిచి చూశాను. ఆర్డర్లు పంపే ప్రోగ్రాము బిగుసుకుపోయింది. ఆపి మళ్ళీ మొదలుపెడితే చాలు. కానీ మా దగ్గర ఒక కట్టుబాటుంది. మేనేజరు నోటివెంట "అప్రూవ్డ్" అనే మాట రాకుండా క్లయింటు వ్యవస్థ మీద చెయ్యి వేయకూడదు, వేస్తే ఉద్యోగానికే ఎసరు. ఆ నోరేమో గురక పెడుతోంది. వెళ్ళి మోకాలు తట్టాను, కళ్ళు తెరిచారు. ఇంకేం చేయను? రాయకూడదు, మాట్లాడకూడదు. ఎదురుగా గొంతుక్కూర్చుని గేదె పాలు పితికినట్టు రెండు చేతులూ ఆడించాను. తర్వాత చేతులెత్తేసి, పాలు లేవన్నట్టు మొహం దీనంగా పెట్టాను. మోకాలి మంటకు కళ్ళ నీళ్ళు కూడా తిరిగాయి. పీటగారు నన్ను ఎంతో కరుణతో చూశారు. శిష్యుడికి ఏదో పెద్ద అనుభూతి కలుగుతోందనుకున్నారు కాబోలు, నా తల మీద చెయ్యి వేసి దీవించి, చిరునవ్వుతో మళ్ళీ కళ్ళు మూసేసుకున్నారు!

ఫోను మళ్ళీ వణికింది. నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది. నోరు తెరిస్తే అక్క సీమంతం పోతుంది. తెరవకపోతే ఊళ్ళో పాలు ఆగిపోతాయి. ఎవరింట్లోనో పసిపిల్ల పాలకోసం గుక్కపెట్టి ఏడుస్తున్నట్టూ, ఆ పిల్లకు మా అక్క పోలికలున్నట్టూ అనిపించింది. ఇక ఆగలేకపోయాను. ఆ బండలన్నీ మారుమోగేలా, "సార్! పాలు ఆగిపోయాయండీ!" అని అరిచాను.

పీటగారు పద్మాసనంలోంచే ఎగిరిపడ్డారు. "ఎక్కడ? ఎప్పుడు? అప్రూవ్డ్! చెయ్యి, చెయ్యవయ్యా!" అన్నారు. నేను మీట నొక్కాను. ఆర్డర్లు బిలబిలా కదిలాయి. అమ్మాయికి ఫోన్ చేసి మాట్లాడితే, "అమ్మయ్య, మీకు గొంతు వచ్చింది సార్" అని సంతోషించింది. అందరూ ఒక్కసారిగా మాటల్లో పడ్డారు. నేను మాత్రం ఓ పక్కన కూలబడ్డాను. సంచిలోని గాజులే కళ్ళముందు కదులుతున్నాయి. అక్కకు ఏ మొహం పెట్టుకుని చెప్పను? పీటగారు దగ్గరికొచ్చి భుజం తట్టి, "మంచి పని చేశావయ్యా. కానీ నియమం..." అని నసిగారు.

"జర ఆగున్రి సార్" అన్నాడు బండన్న. "ముందుగాల నోరు తెరిచింది గీ తమ్మి కాదు. మీరు."

"నేనా? నేను ధ్యానంలో ఉన్నాను కదయ్యా!"

"ధ్యానంలనే 'తర్వాతి స్లైడు పెట్టండి' అన్నరు సార్. అందరం విన్నం. మౌనంల ఉంటిమి, ఎట్ల చెప్తం చెప్పున్రి?"

అప్పటిదాకా బిగబట్టిన నవ్వంతా కట్టలు తెంచుకుంది. అందరికంటే ఎక్కువ నవ్వింది పీటగారే. కళ్ళు తుడుచుకుంటూ, "నియమం నియమమే. ఫోను ఇలా తే. వచ్చేవారం నేనే కాస్తాను. నువ్వు మీ అక్క దగ్గరికి వెళ్ళిరా" అన్నారు. నాకు ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. బండన్న వాళ్ళింటి నుంచి తెచ్చిన సర్వపిండిని అందరం తుంచుకు తిన్నాం. నా పీటకు మూడు కాళ్ళూ సమానమైన పూట ఏదైనా ఉందంటే అదే.

ఆదివారం కాకినాడలో అక్క చేతులకు నేనే గాజులు తొడిగాను. ముత్తయిదువలు ఒళ్ళో చలిమిడి పెడుతుండగా నా ఫోను మోగింది. పీటగారు. "ఏవయ్యా, ఆర్డర్లు మళ్ళీ బిగుసుకున్నాయి. ఆ ప్రోగ్రాము ఆపాక ముందు ఏది మొదలుపెట్టాలి?" నేను నోరు తెరవబోయేలోగా అక్క గాజులు గలగలలాడిస్తూ ఫోను లాక్కుంది. "మా తమ్ముడు మౌనవ్రతంలో ఉన్నాడండి" అంది. అవతల పెద్ద నవ్వు. "అలాగేనమ్మా, భంగం చేయను. నేనే చూసుకుంటాను" అని పెట్టేశారు.

ఇప్పుడు నేనూ మేనేజరునే. కోకాపేటలో ఆఫీసు, తెల్లాపూర్‌లో ఇల్లు. ఊపిరి పీల్చుకోమని చేతి గడియారం గుర్తుచేస్తే, మీటింగులో ఉన్నానని దాని నోరు నొక్కేస్తుంటాను. మొన్న అక్కావాళ్ళు మా ఇంటికొచ్చారు. మేనకోడలు తన పుట్టినరోజు కేకు ముందు కత్తి పట్టుకుని ఎదురుచూస్తోంది, నేను బాల్కనీలో ఫోనుతో తిరుగుతున్నాను. ఆ పిల్ల చరచరా వచ్చి ఫోను లాక్కుని, "మా మామయ్య మౌనవ్రతంలో ఉన్నారండి" అని టపీమని పెట్టేసింది. లోపల అక్క నవ్వడం వినిపించింది. బండ మీద గొంతు చించుకుని అరిచిన ఆ కుర్రవాడు నాకంటే నయం అనుకుని, నాలో నేనే నవ్వుకుంటూ వెళ్ళి కేకు దగ్గర నిలబడ్డాను.