సబ్బు వాసన

డెబ్బైల చివర్లో ఒక వేసవిలో ఏటూరునాగారం అడవికి వెళ్లాను. అప్పట్లో అడవుల గురించి ఒక వారపత్రికకు రాసేవాణ్ణి. మెడలో బైనాక్యులర్ ఉంటే చాలు, నా కంట పడనిదేదీ ఉండదని ధీమా. తెల్లవారుతుండగా ఇప్పపువ్వు ఏరడానికి వెళ్తూ ముత్తక్క అనే ఆవిడ నన్నూ వెంట రమ్మంది. ఉత్సాహం కొద్దీ ముందు నడవబోతే ఆపేసింది.

"జర ఎనుక నడువు తమ్మీ. నీ సబ్బు వాసనకు నాకు ఎలుగు వాసన దొరుకతలేదు."

ఇప్పపువ్వు కోసం ఎలుగుబంట్లు కూడా ఆ వేళకే వస్తాయట. ఎదురుగాలిలో ఆమె ముక్కే మా ఇద్దరికీ కాపలా. చిన్నబుచ్చుకుని వెనక్కి తగ్గాను.

కాసేపటికి ఆమె చెయ్యి అడ్డం పెట్టి ఆగిపోయింది. బైనాక్యులర్‌లో నాకు చెట్లు తప్ప ఏమీ కనిపించలేదు.

"ఎక్కడక్కా?" అన్నాను.

"సప్పుడు జేయకు" అని గుసగుసలాడింది.

కదలకుండా నిలబడ్డాం. చాలాసేపటికి ఎదురుగా పొద కదిలింది. నల్లటి వీపు ఒకటి పక్కకు తిరిగి వాగులోకి దిగిపోయింది. ఆ తర్వాత గానీ ఆమె అడుగు ముందుకు వేయలేదు.

ఇన్నేళ్లూ కేవలం కళ్లతోనే అడవిని రాశానని ఆ రోజు సిగ్గేసింది. మర్నాడు పళ్లు తోముకుని, సబ్బు ముట్టకుండా స్నానం చేసి, దారిలో ఆమె కోసం గర్వంగా నిలబడ్డాను. ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉండగానే ముత్తక్క నవ్వింది.

"సబ్బు బందువెట్టినవ్ గని, పండ్లపొడి బందువెట్టలే తమ్మీ!"