సీటు కింది మూత

నా చిన్నప్పుడు నాతో ఆడుకోవడానికి ఒక పాత మిలిటరీ జీపు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. నాన్న అప్పటికే లేరు. అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చి నందిగామలో ఆసుపత్రిలో చేర్చాక, నన్ను జగ్గయ్యపేటలో మా తాతయ్య దగ్గర ఉంచారు. అంటుజబ్బు మనిషి కూతురినని వీధిలోని పిల్లలు మా గుమ్మం తొక్కేవారు కాదు. సైన్యంలో డ్రైవరుగా పనిచేసి వచ్చిన తాతయ్య, యుద్ధకాలం నాటి ఆ జీపును వేలంలో కొని, స్వయంగా బాగుచేసుకున్నారు. ఆయన మితభాషి. ఏడ్చే పిల్లను మాటలతో ఓదార్చడం ఆయనకు చేతకాదు. అందుకని నా కోసం ఒక ఆట కనిపెట్టారు.

నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన జీపులో ఎక్కడో ఒక చిన్న లోపం పెట్టి ఉంచేవారు. బండి ఎందుకు స్టార్టు కావడం లేదో నేను తేల్చాలి. ఒకనాడు పెట్రోలు పంపుకు ఉండే గాజు గిన్నెను కొంచెం వదులు చేసేవారు. పంపు పెట్రోలుకు బదులు గాలి పీల్చేది. మరొకనాడు ఆ గిన్నె లోపలి జల్లెడకు దూది అడ్డం పెట్టేవారు. ఆటకు నియమం మాత్రం ఒక్కటే. పంపును ముందుగా అనుమానించకూడదు. పెట్రోలు బయలుదేరే చోట మొదలుపెట్టి, అది నడిచే దారినే మనమూ నడవాలి: ట్యాంకు, గొట్టం, పంపు, ఆ తరువాతే కార్బురేటరు. నేను తొందరపడి పంపు మీద చెయ్యి వేస్తే స్పానరు లాక్కుని, "ట్యాంకు కాడ నుంచి రా" అనేవారు. వరసగా పని చేయడమంటే నాకు ఇష్టం కలిగింది ఆ నాలుగు ముక్కల వల్లనే.

ఒక వేసవిలో అమ్మను దూరాన ఉన్న మరో ఆసుపత్రికి పంపిస్తున్నారని కబురు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ఆసుపత్రి వ్యాను బయలుదేరుతుంది. ఆలోగా వెళితే చూడవచ్చు. శనివారమంతా తాతయ్య జీపుకు కొత్తగా ఆకుపచ్చ రంగు వేశారు. కూతురు చూసినప్పుడు అది దర్జాగా ఉండాలని ఆయన కోరిక. పైకి కనిపించే భాగాలతో ఆగక, సీట్లు ఎత్తి ఆ కిందంతా కూడా వేశారు. కంటికి ఆనని చోట పని సగంలో వదిలెయ్యడం ఆయనకు గిట్టదు.

మర్నాడు చర్చిలో ప్రార్థనకు కూడా ఆగకుండా బయలుదేరాము. చిల్లకల్లు దాటిన కొంతసేపటికి ఇంజను దగ్గి, గుటకలు మింగి ఆగిపోయింది. ఎండకు పంపు వేడెక్కి పెట్రోలు ఆవిరవుతోందని తాతయ్య తుండుగుడ్డ తడిపి పంపుకు చుట్టారు. కాసేపటికి బండి కదిలింది. ఊపిరి పీల్చుకునేలోగా మళ్ళీ ఆగింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది కూడా ఆటే అనుకున్నాను.

"నువ్వే పెట్టావుగా తాతయ్యా! ఇవాళొద్దు, తీసెయ్. అమ్మ వెళ్ళిపోద్ది!"

"నేను పెట్టలేదమ్మా. ఒట్టు," అన్నారు.

ఎదురుగా వస్తున్న ఎడ్లబండి మనిషి పగ్గం లాగి, "ఏంటి మిలిటరీ గారూ, పెళ్ళికొడుకులా ముస్తాబు చేశారు, నడక రాదా దీనికి? ఎడ్లు కట్టమంటారా?" అని నవ్వాడు. మరో రోజైతే తాతయ్య దీటుగా బదులిచ్చేవారే. ఆ రోజు తల కూడా ఎత్తలేదు. స్పానరు తీసి, నేరుగా పంపు బిగింపులు విప్పడం మొదలుపెట్టారు. పంపు విప్పితే లోపలి పలచటి పొర చిరగవచ్చు; చిరిగితే ఆ నడిరోడ్డు మీద మరొకటి దొరకదు. ఆ సంగతి నాకు చెప్పింది ఆయనే. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోకుండా, నియమమంతా మరచి, ఆయన విప్పుతూనే ఉన్నారు.

నేను ఆయన చెయ్యి పట్టుకుని, "ట్యాంకు కాడ నుంచి రా తాతయ్యా," అన్నాను.

ఆయన బిగింపులు మళ్ళీ బిగించి, డ్రైవరు సీటు ఎత్తారు. ఆ జీపుకు ట్యాంకు సీటు కిందే ఉంటుంది. మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి దూసుకుపోయింది. మూతకు గాలి ఆడడానికి ఉండే సన్నటి రంధ్రం కొత్త రంగుతో పూడుకుపోయింది. పెట్రోలు తగ్గిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి వెళ్ళే దారి లేదు. ఇక పంపు ఎంత లాగినా ఏం వస్తుంది?

నా జడలోని పిన్నుతో రంగు గీకి, మూత బిగించి, దారిలో ఎక్కడా ఆగకుండా వెళ్ళాము.

మేము చేరేసరికి అమ్మను వ్యాను ఎక్కిస్తున్నారు. ఆమె ముందుగా జీపును చూసి, "రంగేశావా నాన్నా? ఎంత బాగుందో!" అంది. నేను పరుగెత్తబోయాను. అమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. "దగ్గరికి రాకు తల్లీ. అక్కడే నుంచో. నిన్ను బాగా చూడనీ." నేను కదలకుండా నిలబడ్డాను. వ్యాను మలుపు తిరిగేదాకా అలాగే నిలబడ్డాను. అమ్మ మళ్ళీ రాలేదు.

తిరుగు ప్రయాణంలో, పొద్దున బండి మొరాయించిన చోటే, తాతయ్య తనంతట తాను ఇంజను ఆపేశారు.

"ఏమైంది తాతయ్యా?"

"బండికేం కాలేదమ్మా," అని స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చారు. ఆ తరువాత, ఆ రోడ్డు పక్కనే, అమ్మ చిన్నతనం గురించి చెప్పడం మొదలుపెట్టారు. అన్ని మాటలు ఆయనలో ఉన్నాయని నాకు అంతవరకూ తెలియదు. ఆ రోజు నుంచి సాయంత్రాలు జీపులో లోపాలు పెట్టడం మానేశారు. ఇద్దరం సీట్లలో కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం.

ఉపాధ్యాయినిగా పనిచేసినన్నాళ్ళూ నేను కఠినమైన దాన్నని పేరు. అది నిజమే. అయినా ఒక పిల్ల నోరు విప్పడం లేదని, చదవడం లేదని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, బెత్తం తీయడానికి ముందు ఆ పిల్ల ఇంటి సంగతి తెలుసుకునేదాన్ని.

పదవీ విరమణ తరువాత ఆ జీపును బాగుచేయించాను. "ఎలక్ట్రిక్ పంపు పెట్టేద్దాం మేడమ్, గొడవుండదు," అన్నాడు మెకానిక్. వద్దన్నాను. ఆదివారం ప్రార్థన అయ్యాక నందిగామ దాకా వెళ్ళి, ఎవరినీ చూడవలసిన పని లేక, తిరిగి వస్తాను. అప్పుడప్పుడు అది దారిలో ఆగుతుంది. లోపం పెట్టినవారు ఎవరూ లేరని తెలిసినా, ఒక్క క్షణం పక్క సీటు వైపు చూస్తాను. తరువాత దిగి, సీటు ఎత్తి, వినేవారు లేకపోయినా పైకే అంటాను: "ట్యాంకు కాడ నుంచి రా."