ఎడమవైపు ఊపిరి

కోదాడలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రోజుల్లో మేం ఒక ఇంటి కింది పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లం. పైన ఇంటాయన ఒక్కరే ఉండేవారు. డెబ్భై దాటాయి. మద్రాసులో ఓ రికార్డింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజనీరుగా పనిచేసి, అది మూతపడ్డాక సొంతూరికి వచ్చేశారు.

ఒకరోజు నన్ను పైకి పిలిచి మడతలు చిరిగిన కాగితం చూపించారు. ఆ స్టూడియోలో ఉండిన పాత స్పీకర్ల కొలతలు, తన చేత్తో గీసుకున్న బొమ్మ.

"పెట్టెలు పాతసామాన్లవాళ్లు పట్టుకెళ్లారమ్మా. లోపలి స్పీకర్లు మాత్రం అడిగి తెచ్చుకున్నాను. పెట్టెలు మళ్లీ అట్లాగే చేయించాలి. నా చేతులు వణుకుతున్నాయి. నువ్వు చేస్తావా?"

చేస్తానన్నాను. పుస్తకంలో ధ్వని పాఠం చెప్పి చెప్పి విసుగొచ్చి ఉన్నాను కూడా.

సూర్యాపేటలో మాకు తెలిసిన వడ్రంగి ఆ కాగితం చూసి నవ్వాడు. "గింత పల్సటి ప్లైవుడ్ తోనా మేడం? కొడితే ఊగుతది. మందంది ఎయ్యనా?"

"ఊగనీ అన్నా. లోపల తారు షీటు అంటిస్తం. ఊగిన ఊపు అది మింగుతది."

పెట్టెలో కుక్కడానికి ఉన్ని కావాలి. మాడుగులపల్లిలో మా అమ్మగారింట గొర్లున్నాయి. అమ్మ రెండు సంచులు కట్టిచ్చి, "ఉన్నితోటి గొంగడి నేస్తరు గని, పాటలు నేస్తరా బిడ్డా?" అంది. ఉతికి ఆరబెట్టినా ఆ గొర్ల వాసన పోలేదు. సన్న శబ్దాన్నీ బొంగురు శబ్దాన్నీ వేరుచేసే రాగి తీగ చుట్టలు నేనే చుట్టాను, ప్లాస్టిక్ పైపు ముక్కల మీద. మొత్తం నాలుగు నెలలు పట్టింది.

ఎండాకాలం ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి పెట్టెలు రెండూ ఆయన గదిలో పెట్టాం. మొదట రెండు పాటలు విన్నాం. గాయకుడు గదిలోకి వచ్చి నిలబడ్డట్టుంది. నేను ఉబ్బిపోయాను. ఆయన మాత్రం లేచి, ఫ్యాన్ ఆపి, వేరే సీడీ పెట్టారు.

"స్టూడియో కూల్చేముందు ఖాళీ గదిని టేపు మీద రికార్డు చేసి, తర్వాత సీడీకి ఎక్కించుకున్నాను. ఒకటే మైకు, పది నిమిషాలు."

"అందులో ఏముంటది సార్?"

"ఏమీ ఉండదు. అదే వినాలి."

మొదట టేపు బుస వినిపించింది. కాసేపటికి దానికి అలవాటుపడ్డాక, వెనక నుంచి గది వచ్చింది. ఎలా చెప్పాలో తెలియదు. ఆయన చిన్న గది గోడలు వెనక్కి జరిగి, పైకప్పు ఇంకా పైకి లేచినట్టనిపించింది. చెమట పట్టిన మెడ చల్లబడింది. ఆరో నిమిషంలో ఎవరో ఊపిరి పీల్చారు. పాట ఎత్తుకునేముందు గుండెనిండా పీల్చే ఊపిరి. పాట మాత్రం రాలేదు.

ఆయన ముఖం తెల్లబడింది.

"మీరే పీల్సిండ్రేమో సార్."

"నేను అద్దం అవతల ఉన్నానమ్మా, మెషిన్ దగ్గర. మైకున్న గదికి తాళం వేసింది నేనే."

ఆ సీడీ కిందికి తెచ్చి కంప్యూటర్‌లో విన్నాను. బుస తప్ప ఏమీ లేదు. కాలేజీ ల్యాబ్‌లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. అదే బుస. మా పెట్టెల్లో మాత్రం ప్రతిసారీ ఆరో నిమిషంలో ఊపిరి. ఇంకో సంగతి కూడా ఉంది. ఒకే మైకుతో చేసిన రికార్డింగు రెండు పెట్టెల నడుమ నుంచి వినిపించాలి. ఈ ఊపిరి ఎడమవైపు నుంచి వచ్చేది. పెట్టెలు అటుదిటు మార్చాను, వైర్లు మార్చాను. అయినా ఎడమవైపే. అంటే లోపం గదిలో ఉండాలి, అటు కిటికీ ఉంది, శబ్దం దానికి తగిలి తిరుగుతుందని ఆయనకు వివరించాను. తల ఊపారు. మర్నాడు చూస్తే ఆ కిటికీ పక్కన ఒక కేన్ కుర్చీ వేసి ఉంది.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం పైన ఫ్యాన్ చప్పుడు ఆగేది. పది నిమిషాల తర్వాత మళ్లీ మొదలయ్యేది. సెలవుల్లో ఇంట్లో ఉండి నేను ఆ పది నిమిషాలూ ఏ పనీ చేయలేకపోయేదాన్ని.

ఒకరోజు వెళ్లి అడిగేశాను. "ఆ కుర్చీ ఎవరి కోసం సార్?"

ఆయన కుర్చీవైపు చూస్తూ చెప్పారు. "హుజూర్‌నగర్ దగ్గరి పిల్ల. నాది కోదాడని ఎవరో చెబితే మద్రాసు దాకా వచ్చింది, ఒక్కసారి పాట వినమని. మైకులో ఊపిరి గట్టిగా పడేది. దాన్ని సరిచేసుకుని రేపు రా అమ్మా అని పంపేశాను. వారంపాటు వచ్చింది. రోజూ రేపు రా అనేవాణ్ని. తర్వాత రాలేదు."

"ఇప్పుడెక్కడుంది?"

"తెలియదు. ఉందో లేదో కూడా తెలియదు." సీడీ తీసి నా చేతిలో పెట్టి, "ఆ ముక్క తీసెయ్యగలవా? నిద్రపట్టట్లేదు," అన్నారు.

కంప్యూటర్‌లో ఆ నాలుగు సెకన్లు కత్తిరించి కొత్త సీడీ చేశాను. నాకు వినబడని చోట, గడియారం చూసి కోసిన ముక్క అది. సాయంత్రం ఇద్దరం కూర్చుని విన్నాం. ఆరో నిమిషం దాటిపోయింది. ఏమీ రాలేదు. నేను తేలిగ్గా ఊపిరి తీసుకోబోతుండగా కిటికీ పక్క కేన్ కుర్చీ కిర్రుమంది. కూర్చున్నవాళ్లు లేస్తే వచ్చే చప్పుడు. ఎండకు ఎండిన కేన్ సాయంత్రం అట్లా అంటుంది, అది నాకు తెలుసు. కానీ ఇద్దరం తలుపువైపు చూశాం.

"మళ్లీ పంపించేశామమ్మా," అన్నారాయన.

కొత్త సీడీని అక్కడే రెండు ముక్కలు చేశారు. మరునాటి నుంచి పాతదే పెట్టుకున్నారు. నిద్ర సంగతి మళ్లీ ఎత్తలేదు.

మరుసటేడు నాకు మిర్యాలగూడకు బదిలీ అయింది. సామాను డీసీఎం వ్యాన్‌లో ఎక్కిస్తుంటే ఆయన మెట్లు దిగి వచ్చి, కాగితంలో చుట్టిన సీడీ నా చేతికివ్వబోయారు. "ఒక కాపీ నీ దగ్గర ఉండనీ. నా తర్వాత వినేవాళ్లుండరు."

నేను వద్దన్నాను. ఆ పెట్టెలు లేనిచోట ఆమె ఊపిరి వినబడదు, నేనూ రేపు రమ్మన్నట్టే అవుతుంది. కాగితం మళ్లీ మడతపెట్టుకుని, ఎండలోంచి తప్పుకుని, నెమ్మదిగా పైకి వెళ్లిపోయారు.