లేవకుండా ఒక్క భోజనం

నా భార్య నన్ను కోరిన కోరికలు తక్కువ. అందుకే ఇది అడిగిన రోజు నాకు బాగా గుర్తుంది. ఒంటిపూట బడులు మొదలైన కొత్తలో ఒక మధ్యాహ్నం ఆమె బడి నుంచి వచ్చి, గడప దగ్గర చెప్పులు విడుస్తూనే అంది.

"బావా, మా పెద్ద మేడమ్ వాళ్లు పెళ్లిరోజుకు హోటల్‌కు పోయిండ్రంట. కుర్చీల కూసుంటే వాళ్లే వచ్చి ఏం గావాల్నో అడిగి అడిగి పెడతరంట. మనం గూడా ఒక్కసారి పోదాం. నేను మాత్రం లేవ. మొదటి ముద్ద కాడికెళ్లి చెయ్యి కడిగేదాంక లేవనే లేవ."

మా ఇంట్లో మాట్లాడుకునే మాట సగం అడవి మాట, సగం తెలుగు. ఇక్కడ అంతా తెలుగులోనే రాస్తున్నాను.

ఆమె మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. పిల్లలందరూ తిని, పళ్లేలు కడుక్కుని వెళ్లాక, గిన్నె అడుగున మిగిలింది గోడకు ఆనుకుని నిలబడే తినేది. ఇంట్లోనూ అంతే. మేము కూర్చుంటే ఆమె నిలబడేది. మేము లేచాక ఆమె కూర్చోబోయేసరికి ఎవరో ఒకరు మంచినీళ్లు అడిగేవాళ్లు. ఇన్నేళ్లలో ఆమె ఒక భోజనాన్ని మొదటి నుంచి చివరి దాకా కూర్చుని తినడం నేను చూశానా అని ఆలోచిస్తే, ఒక్కటీ గుర్తుకు రాలేదు.

ఆ ఎండాకాలంతో మా పెళ్లయి పాతికేళ్లు. పాతికేళ్ల పెళ్లిరోజును రజతోత్సవం అంటారని ఆమెకు చెప్పాను.

"అంటే?"

"వెండి పండుగ."

"వెండి వద్దు గని అన్నం పెట్టియ్యి," అంది.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఏన్కూరులో నాకు మోటార్లకు వైండింగు చేసే చిన్న షాపు ఉండేది. కాలిపోయిన మోటారుకు రాగి తీగ చుట్టడం ఒక మేస్త్రి నేర్పాడు. మిగతాదంతా శాఖా గ్రంథాలయం నేర్పింది. కరెంటు పోతే నా పని ఆగేది, నేను లేచి గ్రంథాలయానికి నడిచేవాణ్ణి. ఆ రోజుల్లో కరెంటు ధారాళంగా పోయేది కాబట్టి నా చదువు కూడా ధారాళంగా సాగింది. చెట్ల గురించి, గ్రహాల గురించి, దేశాల రాజధానుల గురించి, హోమియో మందుల గురించి చదివాను. ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కోవడం అక్కడి చిరిగిన నిఘంటువు ముందు కూర్చునే నేర్చుకున్నాను. ఊళ్లో అర్జీ రాయాలన్నా, మందు సీసా మీద ఏముందో చదవాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్లు. దాని గురించి నాకు గర్వం ఉండేది, ఇప్పటికీ ఉంది.

కాబట్టి హోటల్ పని కూడా గ్రంథాలయంలోనే మొదలుపెట్టాను. మర్యాదల మీద ఒక పాత పుస్తకం దొరికింది. బల్ల ముందు రుమాలు ఎక్కడ పరచుకోవాలో, చెంచా ఏ చేత్తో పట్టాలో, వడ్డించినవాడికి ఏమని చెప్పాలో అందులో ఉంది. ఏ హోటల్‌కు వెళ్లాలో మాత్రం లేదు.

ఏన్కూరు సెంటర్లో ఉన్న మెస్సు మొదటి మాటకే పోయింది. అది నడిపే ఆమె నా భార్యకు స్నేహితురాలు. అక్కడికి వెళితే నా భార్య అన్నం పళ్లెం ముందు కాకుండా వంటింట్లో తేలుతుందని మా ఇద్దరికీ తెలుసు. కొత్తగూడెం దారిలో దాబా ఉంది. మంచాల మీద కూర్చోబెట్టి పెడతారు, రుచి కూడా బాగుంటుంది, కానీ సీసాలు తెచ్చుకునే మగవాళ్లు తప్ప ఆడమనిషి కనబడదు. ఇక మిగిలింది ఖమ్మం. నేను రాగి తీగ కోసం ఎలాగూ వెళ్లేవాణ్ణి కాబట్టి, ఆ వంకతో బస్టాండు చుట్టుపక్కల హోటళ్లు చూసి రావచ్చు అనుకున్నాను. సులువైన పనిలాగే అనిపించింది అప్పటికి.

అంతలో మా ఊళ్లో ఒక పెద్దాయన చనిపోయాడు.

దానికీ పెళ్లిరోజుకూ సంబంధం ఏమిటని చదివేవాళ్లు అనుకోవచ్చు. మా అడవి ఊళ్లలో కొత్త కాయ ఏదైనా ముందు దేవతకు పెట్టి, పండుగ చేసుకున్నాకే నోట పెడతాం. చిక్కుడుకాయకు ఒక పండుగ, మామిడికాయకు ఒక పండుగ. ఆ పండుగ అయ్యేదాకా మామిడి చెట్టున కాసినా, సంతకు వచ్చినా, పక్క ఊరివాళ్లు పచ్చడి పెట్టుకున్నా మాకు లేనట్టే. మా ఊళ్లో ఆ పండుగ చేసే పూజారి నా భార్య తండ్రి, నాకు స్వయానా మేనమామ. నేను ఇల్లరికం అల్లుణ్ణి. చావు జరిగితే దినాలు తీరాలి, చుట్టాలు కూడాలి, ఆ తర్వాతే మంచిరోజు చూస్తారు. మామిడికాయ పండుగ మా పెళ్లిరోజు దాటి ఎటో వెళ్లిపోయింది.

ఎండాకాలంలో మా వైపు హోటల్ భోజనం అంటే మామిడికాయే. పప్పులో అదే, పులిహోరలో అదే, పచ్చడిలో అదే. ఊళ్లో మిగతావాళ్లు బస్సెక్కి వెళ్లి ఎక్కడో ఒక ముక్క తిన్నా పట్టించుకునేవాళ్లు లేరు. పూజారి కూతురు మాత్రం అలా తినదు. ఎవరో చూస్తారని కాదు. చిన్నప్పటి నుంచి ఆమెకు అది తిండి కాదు, అంతే.

ఒక సాయంత్రం మామ దగ్గర కూర్చుని మాట కదిలించాను.

"మామా, పండుగ ఓ వారం ముందుకు జరగదా?"

ఆయన చుట్ట తీసి నా వైపు చూశాడు. "ఏంది అల్లుడా, చచ్చినోణ్ణి జల్దీ పొమ్మని చెప్పాల్నా?"

"గట్ల గాదు మామా. కాయ ముదరకముందే అందరు కోసుకోకుండ పెద్దలు పెట్టిన కట్టుబాటిది. పుస్తకంల చదివిన. ఇప్పుడు కాయ ముదిరింది గదా."

"అవ్, ముదిరింది. నువ్వు గూడా ముదిరినవ్," అన్నాడు. లోపల నుంచి నా భార్య నవ్వు వినిపించింది. ఆయన మెల్లగా, "నా చేతుల ఉంటే జరుపుదును బిడ్డా. నా చేతుల లేదు," అన్నాడు. ఆయన గొంతు విన్నాక నాకు ఇంకేమీ అడగబుద్ధి కాలేదు.

పెళ్లిరోజును వెనక్కి జరుపుదామని భార్యతో అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. అప్పటికే బడిలో తోటి వంటామెకు చెప్పేసిందట, ఆ పూట సామాను ఆమె తోమేట్టు మాట కూడా తీసుకుందట. "వానలు పడ్డంక నాట్లు, తర్వాత కలుపు. ఇగ ఎప్పుడు పోతం బావా? మామిడికాయ లేని హోటల్ చూడు. గంత చదివినవ్, గదొక్కటి దొరకదా?"

అలా నేను ఖమ్మంలో హోటల్ హోటల్‌కూ తిరిగాను. పేరున్న ఒక శాకాహార భోజనశాలలో వడ్డించే అతను నా ప్రశ్న విని, "ఈ ఎండల మామిడికాయ లేకుంట పప్పెట్ల జేస్తరన్నా? మేం జేసినా తినేదెవరు?" అన్నాడు. ఇంకోచోట గల్లా దగ్గరి మనిషి, "పచ్చడి తీసి పక్కకు పెట్టుకోమను," అన్నాడు. నిజమే, అలా పెట్టుకోవచ్చు. కానీ ఏ గిన్నెలో ఏముందోనని ప్రతి ముద్దకూ తడుముకుంటూ తినే భోజనం ఆమె అడిగిన భోజనం కాదు. ఎందుకు వద్దో పూర్తిగా వివరించాలని ఒకటి రెండు చోట్ల ప్రయత్నించాను. నా వెనక నిలబడ్డవాళ్లు చిల్లర పట్టుకుని గొణిగారు. దుకాణంలో రాగి తీగ కొనడం కూడా మరిచిపోయి వచ్చాను.

చివరికి బిర్యానీ తట్టింది. బిర్యానీలో మామిడికాయ ఉండదు. బస్టాండుకు కాస్త దూరంలో, మేడ మీద, ఏసీ పెట్టిన ఫ్యామిలీ రెస్టారెంటు ఒకటి చూశాను. గాజు తలుపు, మెత్తని కుర్చీలు, ఆడవాళ్లు పిల్లలతో కూర్చుని తింటున్నారు. మేనేజర్ మంచి మనిషి. బిర్యానీలో గానీ పెరుగు చట్నీలో గానీ మామిడి పడదు కదా అని అడిగితే నవ్వి, "బిర్యానీల మామిడికాయ ఎవరేస్తరు పెద్దాయనా?" అన్నాడు. నాకు గుండె తేలికైంది, ఎందుకడిగానో చెప్పడమే మరిచాను. ఆ తేలికలోనే, మా పాతికేళ్ల పెళ్లిరోజని, ఫలానా రోజు సాయంత్రం వస్తామని చెప్పాను. ఆయన చేయి కలిపాడు.

ఆ రోజు ఆమె బడి నుంచి వచ్చి, తలంటుకుని, ఆకుపచ్చ చీర కట్టుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. తల్లాడ దాటేదాకా బయటికే చూసింది. తర్వాత, "వాళ్లు తెచ్చిన తర్వాత ఇంకొంచెం గావాలంటే అడగొచ్చా?" అని అడిగింది. అడగవచ్చని చెప్పాను. ఆ ఒక్క ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉన్నందుకు సంతోషించాను.

మెట్లెక్కి లోపలికి వెళ్లాం. ఆమె కుర్చీలో కూర్చుని రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుంది. కుర్రాడు కాదు, మీసాలున్న పెద్ద మనిషే వడ్డనకు వచ్చాడు. మెనూ కార్డు ఇంగ్లిషులో ఉంది. నేను కూడబలుక్కుని చదివి కోడి బిర్యానీ చెప్పాను. పొగలు వచ్చే పళ్లెం దించి, ఆయన ఆమె వైపు చూసి, "చాలా అమ్మా, ఇంకా పెట్టాల్నా?" అన్నాడు. ఆమె నన్ను చూసింది. ఆ చూపు నేను చెప్పలేను. "పెట్టు," అంది.

నేను పుస్తకంలో ఉన్నట్టే రుమాలు పరిచి, చెంచా తీసుకున్నాను.

"పక్కకు పెట్టు బావా. పిల్లలకు మందు తాపినట్టున్నది," అంది.

నాలుగు ముద్దలు తిందేమో. మేనేజర్ తానే వచ్చాడు. ఆయన చేతిలో తెల్లటి పింగాణీ పళ్లెం, అందులో చెక్కు తీసి అందంగా కోసిన బంగినపల్లి ముక్కలు, మధ్యలో ఒక చెర్రీ పండు.

"ఈ ఏడు కొత్త పండు. ఇయ్యాల్నే దిగింది. ఇంకెవ్వరికి పెట్టలే. పాతికేళ్ల జంట వస్తున్నరని ముందు మీకే తెచ్చిన. మా తరఫు నుంచి."

ఆయన పళ్లెం సరిగ్గా ఆమె ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె తింటే చూడాలని.

కొత్త కాయను ముందు దేవతకు పెట్టడం మా పద్ధతి. ఆయన మమ్మల్ని ఆ చోట కూర్చోబెట్టాడు. అంతకంటే పెద్ద గౌరవం మాకు ఎవరూ చేయలేదు. వద్దని ఎలా చెప్పాలి? పండుగ గురించి, చావు గురించి, ఆ గాజు తలుపుల మధ్య, అందరూ వింటుండగా ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? నేను చదివిన మాటలన్నీ వెతుక్కున్నాను. నోరు తెరిచాను కూడా. "చాలా సంతోషం," అన్నాను. అది మర్యాదల పుస్తకంలోని మాట.

ఆమె పళ్లెం వైపు చూసింది. ఆమె తినదు. తోసేయదు కూడా. పిల్లల పళ్లేల్లో మెతుకు మిగిలితే ఊరుకునే మనిషి కాదు, ప్రేమగా పెట్టింది చెత్తలోకి పోనిస్తుందా. పక్క బల్ల దగ్గర ఒక ముసలావిడ, కోడలు, ఇద్దరు పిల్లలు ఉన్నారు. పిల్లలు ఆ పళ్లెం వైపే చూస్తున్నారు.

నా భార్య లేచింది.

నేను కూడా సగం లేచాను. "నువ్వు కూసో," అంది. ఎడమ చేత్తో పళ్లెం అందుకుంది, బడిలో గిన్నె పట్టినట్టే. నేను వాడకుండా పక్కన పెట్టిన చెంచాతో పిల్లలకు రెండేసి ముక్కలు పెట్టింది, ముసలావిడకు పెట్టింది. మేనేజర్ ముచ్చటగా నవ్వి, "చూసిండ్రా, పెద్ద మనసు," అని మిగతా బల్లల వాళ్లతో అన్నాడు. అప్పుడు అవతలి బల్ల పిల్లలు కూడా చూశారు. ఆమె అక్కడికీ వెళ్లింది. గోడ పక్కన ఒంటరిగా తింటున్న ఒకాయన, తల ఎత్తకుండానే, ఖాళీ గ్లాసు ఆమె వైపు చాచి, "కొన్ని నీళ్లు," అన్నాడు.

ఆమె ఒక్క క్షణం ఆగింది. తర్వాత కిటికీ దగ్గరున్న జగ్గు తీసి పోసింది.

నేను కూర్చునే ఉన్నాను. లేచి ఏమి చేసినా, ఆ మనిషికి ఏమి చెప్పినా, అందరి ముందూ ఆమె మీదికే వచ్చేట్టుంది. చల్లని గాలి సూటిగా ఆమె పళ్లెం మీదికి వీస్తోంది. ఆమె చేయి కడుక్కుని తిరిగి వచ్చి కూర్చునేసరికి అన్నం చల్లారి, నెయ్యి తెల్లగా గడ్డకట్టింది. వడ్డించే అతను వేడి చేసి తెస్తానన్నాడు.

"వద్దులే అయ్యా. నువ్వు గూడా పొద్దుగాల్నుంచి నిలబడే ఉన్నట్టున్నవ్," అంది. మొత్తం తింది. ఇంకొంచెం కావాలని అడగలేదు.

బస్సులో నేను ఏదో చెప్పబోతే, "పిల్లలు మంచిగ తిన్నరు," అని కిటికీ వైపు తిరిగింది.

మరుసటి రోజు కరెంటు పోయింది. మర్యాదల పుస్తకం తిరిగి ఇద్దామని షాపు నుంచి ఇంటికి వచ్చి, అది తీసుకుని బడి మీదుగా గ్రంథాలయానికి వెళ్తున్నాను. వంటపాక దడి అవతల తోటి వంటామె గొంతు వినిపించింది.

"ఎట్లుందే హోటల్? మంచిగ పెట్టిండ్రా?"

"మస్తుగ పెట్టిండ్రు," అంటోంది నా భార్య. "చల్లగ గాలి. మెత్తటి కుర్చీ. మీసాలాయన ఒకడు, అమ్మా ఇంకా పెట్టాల్నా, ఇంకా పెట్టాల్నా అని ఒకటే అడుగుడు."

"మరి నువ్వు?"

"నాకేంది? చెయ్యి కడిగేదాంక లేవనే లేదు."

దడి ఇవతల నేను పుస్తకం చంకలో పెట్టుకుని నిలబడ్డాను. పొయ్యి మీద గిన్నెలో గరిటె తిప్పుతున్న చప్పుడు. బడి గంట కొట్టారు, పిల్లలు పళ్లేలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఆమె లేచి నిలబడడం దడి సందుల్లోంచి కనిపించింది.