ముల్లు తీసే పట్టకారు

గులాబీ తోటల పక్కనున్న చిన్న ఆసుపత్రిలో కట్లు కట్టే నర్సుకు కళ్లజోడు ముక్కు మీద కన్నా నెత్తి మీదే ఎక్కువసేపు ఉంటుంది. వాచిన వేలు కనబడగానే జోడును కిందికి లాక్కుని, "మళ్లీ పిన్నీసుతో కెలికారా?" అంటుంది. జవాబు ఆమెకు తెలుసు. చీము తుడుస్తున్నంతసేపూ పాత పాఠమే: "ముందు సబ్బుతో కడగాలి. ముల్లు ఏ వాలున దిగిందో ఆ వాలునే బయటికి లాగాలి. లోతుగా దిగితే కెలక్కుండా నా దగ్గరికి రావాలి." చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, పోయిన నెల తనే ఒక తోటకు వెళ్లి, అక్కడి కూలీలకు ముల్లు తీసే చిన్న పట్టకారు ఒకటి ఇచ్చి వచ్చింది.

ఈ ఉదయం ఆ తోటలో పూలు కోసే పెద్దావిడ బొటనవేలు వాచిపోయి వచ్చింది. "నేనిచ్చిన పట్టకారు ఏమైందమ్మా?" అని నర్సు అడిగింది. "అంత మంచి వస్తువు, ఎక్కడ పోతుందోనని బీరువాలో పెట్టించాం సిస్టర్. తాళం మేస్త్రీ దగ్గరుంటుంది. ఆయనేమో ఇవాళ సెలవు," అంది పెద్దావిడ. నర్సు కట్టు కట్టి, టీటీ ఇంజెక్షన్ వేసి, సొరుగులోంచి ఇంకో పట్టకారు తీసిచ్చింది. "ఇది బీరువాలోకి వెళ్లిందో, నేనూరుకోను." "అయ్యో, వెళ్లనిస్తానా!" అంటూ పెద్దావిడ దాన్ని రుమాల్లో చుట్టి, ముడి మీద ముడి వేసింది. "మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున దాస్తాను."