గోప్యా బాంబర్లకు పెట్రోలు లేదు

మా తమ్ముడు గోప్యాకు మెకానిక్ పని బాగ వస్తది, బుద్ధి మాత్రం రాలే. మణుగూరు బొగ్గుబాయి కాడ మట్టి తోలే ఒక ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర టిప్పర్లు బాగుచేస్తడు. డ్యూటీ దిగి వచ్చి, చేతుల గ్రీజు గూడ సరిగ్గ కడగకుండ అట్టముక్కలు ముందలేసుకొని కూసుంటడు. ఏందిరా అంటే యుద్ధం ఆట తయారుచేస్తున్న అంటడు. అదీ మనం పుట్టకముందే ముగిసిపోయిన రెండో ప్రపంచ యుద్ధం. జర్మనీ ఓడిపోయే ముంగట, అమెరికా దాక పోయి బాంబులేసి తిరిగొచ్చే పెద్ద విమానాలు కట్టాలని చూసిందట. ఆరు ఇంజన్ల విమానమైతే ఒకటో రెండో కట్టి ఆపేసిన్రట. మిగిలినయి చాలామట్టుకు కాయితం మీది బొమ్మలే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మావోడి ఆటల మాత్రం అవి గుంపులు గుంపులుగ లేస్తయి.

వాడి పెండ్లాం కళ్యాణి ఆ అట్టల మొకం చూడదు, తెలివిగల్లది. అందుకని అమెరికా దిక్కు ఆడనీకి నేను దొరికిన. అంగన్‌వాడీ టీచర్ను, పిల్లల ఆటలు నాకు అలవాటేనట.

మొదటిసారి ఆడితే వాడి విమానాలు షెడ్డుల తయారుకాంగనే లేసి న్యూయార్క్ మీద పడ్డయి. పెట్రోలేదిరా అన్న. లైన్ల ఉన్నదంటే ఎగిరినట్టే అన్నడు. నాకు ఒళ్లు మండింది. అది వాళ్ల యార్డు మాట. పొద్దున ఆఫీసోళ్లు ఫోన్ చేసి ఎన్ని బండ్లు నడుస్తున్నయని అడిగితే, టైర్లు లేక కట్టె మొద్దుల మీద నిలబెట్టిన టిప్పర్లను గూడ లైన్ల ఉన్నయనే చెప్పాలె. చెప్పీ చెప్పీ వీడు ఆటల గూడ గట్లనే రాసిండు. దిమాక్ ఉన్నదా, నిలబడ్డ బండికీ నడిచే బండికీ తేడా మెకానిక్‌వు నీకు నేను చెప్పాల్నా అని కడిగేసిన. మూతి ముడుసుకొని లేసిండు. తర్వాత కత్తెర తెచ్చి పెట్రోలు చీటీలు కత్తిరించిండు. ఇగ చీటీ పెడితేనే విమానం లేవాలె.

అప్పటిసంది చూడాలె సంబరం. నేను ముందుగాల వాడి పెట్రోలు ఫ్యాక్టరీల మీదనే పడేది. వాడి బాంబర్లు ఆరబోసిన ఇప్పపువ్వు లెక్క ఒక మూలకు పడి ఉండేటియి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అని నేను నవ్వేది. వాడు మాత్రం ఆ చీటీలను తీయలే.

ఆ ఆట అచ్చు కావాలె, డబ్బా మీద తన పేరుండాలె. వాడికి లోకంల ఉన్న కోరిక అదొక్కటే. ఆటలు అచ్చేసే హైదరాబాద్ కంపెనాయన భద్రాచలం దర్శనానికొచ్చి లాడ్జిల దిగిండని తెలిసి, ఇద్దరం బస్సెక్కి పోయినం. ఆయన మంచం మీదనే అట్ట పరిపించి ఆడిండు, బాగున్నదన్నడు. ఒక్కటే షరతు పెట్టిండు. ఆ చీటీలు తీసెయ్యాలె. జనం కొనేదే ఆ విమానం ఎగురుతదని, డబ్బా మీద బొమ్మ గూడ దానిదే. తీసేస్తే వచ్చే నెల అచ్చుకిస్తనన్నడు.

నేనైతే చీటీలను కిటికీలకెల్లి అప్పుడే పారేసేదాన్ని. గోప్యా మొకం గూడ వెలిగింది. చీటీలన్నీ కూడేసి గుప్పిట్ల పట్టుకున్నడు. పట్టుకొని అట్లనే కూసున్నడు. కాసేపటికి వాటిని ఒక్కొక్కటే తీసి మళ్ల అట్ట మీద పెట్టిండు. అవి లేకుంటే ఇయ్యను సార్ అన్నడు. ఆయన దర్శనానికి టైమైందని లేసి చెప్పులేసుకున్నడు.

బస్సుల తిట్టిన తిట్టు తిట్టకుండ తిట్టిన. అట్టముక్క విమానానికి పెట్రోలెవడు అడుగుతడురా, పేరు చేతిదాకొస్తే కాలదన్నుకుంటివి, నీ అసుంటి ఎడ్డోన్ని యాడా చూడలే అన్న. వాడు ఒడిల ఉన్న అట్టలను సర్దుకున్నడు.

"పొద్దంతా నిలబడ్డ బండ్లను నడుస్తున్నయని చెప్పొస్త అక్కా," అన్నడు. "అది వాళ్లది. ఇదొక్కటే నాది."